చూసే పని

ఫిల్టరును పెట్టెలోంచి బయటికి లాగేసరికి మసి అంతా డెల్బర్ట్ ముంజేతుల మీద రాలింది. నదికి అవతలి కొండల మీద అడవి తగలబడుతూనే ఉంది. పొగ లోయలోకి దిగి కదలకుండా కూర్చుంది. ముసలివాళ్ళ ఇళ్ళన్నిటికీ గాలి శుభ్రం చేసే పెట్టెలు పంచాలని లోయలోని ఆదివాసీ తెగ ఆఫీసు వాళ్ళు తీర్మానించారు, పంచారు కూడా. వాటికి ఫిల్టర్లు మార్చడానికి మాత్రం రెండే చేతులు కేటాయించారు. ఆ రెండూ డెల్బర్ట్‌వే.

అతడు పొట్టి మనిషి. వెడల్పాటి భుజాలు, కుడివైపుకు కాస్త వాలిన నడుము. ఖాళీ చేతులతో నడిచినా ఏదో మోస్తున్నట్టే కనిపిస్తాడు. చొక్కా జేబు మీద కుట్టిన తెగ గుర్తు ఉతికి ఉతికి వెలిసిపోయింది. పైపులు, బల్బులు, పెంకులు, తలుపు గడియలు, కప్పు మీద చచ్చిన ఉడుతలు, ఇలా ఎవరి పనీ కానిదంతా అతడి పనే. మోకాళ్ళు ఎప్పుడో మూలపడ్డాయి. ఇప్పుడు కూడా లేవడానికి కిటికీ గూడు పట్టుకున్నాడు.

"నీ మోకాళ్ళ చప్పుడుకి నా నిద్ర చెడింది," అంది కుర్చీలోంచి ఇర్మా అత్త.

ఆమె అతడికి సొంత మేనత్తేమీ కాదు. నదికి ఈ ఒడ్డున ఆమెను అందరూ అత్తే అంటారు. తొంభై దాటింది. ముక్కుకు గొట్టం, ఒళ్ళో దుప్పటి, దుప్పటి మీద ఎండుటాకుల్లాంటి రెండు చేతులు. కిందటి వారం వచ్చిన నర్సు కొత్త మందులేవీ రాయకుండానే వెళ్ళిపోయింది. అంటే ఏమిటో ఇర్మా అత్తకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది.

"శుక్రవారమే కదా ఆట?"

"శుక్రవారం, శనివారం."

"మీ పిల్ల ఆడుతోందటగా."

డెల్బర్ట్ తల వంచుకుని కొత్త ఫిల్టరు పెట్టెలోకి తోశాడు. నవ్వు దాచుకోవాలని చూశాడు గానీ అది చెవుల దాకా వచ్చేసింది. మనవరాలు రేలిన్‌కు పన్నెండేళ్ళు. బ్రష్ డాన్స్‌లో దిగడం ఇదే మొదలు. జబ్బుపడిన పసిబిడ్డ కోసం, గోతిలో నిప్పు చుట్టూ ఊరంతా చేరి తెల్లవార్లూ ఆడే ఆట అది.

"అయితే ఆదివారం దాకా ఉగ్గబట్టుకుంటాలే," అంది ఇర్మా అత్త. "ఆదివారం మధ్యాహ్నం పోతాను. నీ ఆట చూడ్డం అయిపోతుంది. తీరిగ్గా తవ్వుకోవచ్చు."

"అలా మాట్లాడకత్తా."

"మరి ఎవరితో మాట్లాడమంటావురా? తవ్వేవాడివి నువ్వేగా."

ఆమె సరదాకే అంది. అతడికి మాత్రం నవ్వు రాలేదు. ఆమె అన్నది నిజం కాబట్టి.

ముప్పై ఏళ్ళుగా ఈ లోయలో ఎవరు పోయినా గొయ్యి తవ్వేది డెల్బర్టే. ఎవరూ నియమించలేదు. మొదటిసారి ఒక ముసలాయనకు సాయం వెళ్ళాడు, రెండోసారికి ఆ ముసలాయనే పోయాడు. అప్పటి నుంచి పార అతడి బండిలోనే ఉండిపోయింది. కట్టుకున్న భార్యకూ అతడే తవ్వాడు. తవ్వడం కష్టమని కాదు. శవాన్నీ సమాధి మట్టినీ ముట్టుకున్నవాడు ఐదు రోజులు జనంలో కలవకూడదు. పసిబిడ్డల జోలికి, చేపల జోలికి పోకూడదు. ఆట జరిగే గోతి ఛాయలకు అసలే రాకూడదు. విడిగా ఉండి, విడిగా వండుకుని, విడి గిన్నెలో తినాలి. కూతురు లొరెట్టా మొట్టమొదట ఆడిన వారంలోనే నదిలో ఒక మనిషి పోయాడు. డెల్బర్ట్ ఆ ఆట చూడలేదు. ఆ తర్వాత కూడా ఏడాదికొకటి ఏదో తప్పిపోతూనే ఉంది. లొరెట్టా మొదట్లో ఏడ్చేది, తర్వాత అలిగేది, పెద్దయ్యాక ఊరుకుంది. ఆ ఊరుకోవడమే అతడికి ఎక్కువ బాధ.

మధ్యాహ్నానికి ముందు కౌన్సిలు గదిలో ట్యూబులైటు మినుకుమినుకుమంటోందని పిలిచారు. వెళ్ళి నిచ్చెనెక్కాడు. కింద కౌన్సిలు సమావేశం నడుస్తోంది. సగం దాకా విన్నాక గానీ వాళ్ళు మాట్లాడుకుంటున్నది తన సంగతేనని తెలియలేదు.

ఆఫీసు వ్యవహారాలు చూసే డానా మెల్లగా విషయం తెచ్చింది. ఇర్మా అత్త రోజులు దగ్గరపడ్డాయి. లోయలో ఎవరైనా పోతే, ఆ మనిషిని మట్టి చేయకుండా ఆట మొదలుపెట్టే ఆచారం లేదు. ఈ వారంలోనే ఏదైనా జరిగితే తవ్వేదెవరు? బల్ల చుట్టూ ఒక్కసారిగా ఊపిరి సలపనంత పని పుట్టుకొచ్చింది. ఒకాయన పాటగాడు, పాట ఆగితే ఆటే లేదు. ఒకాయన వలవేసి చేపలు పట్టాలి, వచ్చేవాళ్ళకు తిండి ఆయనదే. ఇద్దరు ఆటలో దిగేవాళ్ళు. ఒకామె ఓక్ చెట్ల కాయలు దంచి జావ కాచాలి. రోడ్ల పని చూసే ట్రాయ్ తవ్వే యంత్రం నడపగలడు గానీ ఈ ఆట జరిగేదే అతడి కొడుకు కోసం. ఎనిమిది నెలల పసివాడు, ఊపిరితిత్తుల్లో బలం లేదు, ఈ పొగకు రాత్రంతా దగ్గుతున్నాడు. అందరూ అందలమెక్కితే మోసేవారెవరు అన్నట్టు తయారైంది వ్యవహారం.

"డెల్బర్ట్ ఉన్నాడుగా," అన్నారెవరో. ఆ మాట ఈ గదిలో ఎన్నిసార్లు వినబడిందో చెప్పడం కష్టం.

"ఈసారి నాకు పనుంది," అన్నాడు డెల్బర్ట్ నిచ్చెన మీంచి.

అందరూ తలలెత్తి చూశారు. అతడు సమావేశంలో నోరు విప్పడం వాళ్ళెవరికీ గుర్తులేదు.

"ఏం పని, డెల్బర్ట్?" అని అడిగింది డానా.

"చూసే పని."

ఒకరిద్దరు నవ్వబోయి ఆగారు. అతడు మళ్ళీ లైటు బిగించడంలో పడ్డాడు. అతడి చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి కౌన్సిలు ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేసింది. అవసరమైతే ఈసారికి పట్నం నుంచి యంత్రాన్నీ మనుషుల్నీ పిలిపించాలి, డెల్బర్ట్‌ను అడగకూడదు. చేతులు పైకి లేచినప్పుడే లైటు కూడా వెలిగింది. లైటును ఎవరూ గమనించలేదు గానీ డెల్బర్ట్‌కు మాత్రం నెత్తి మీద బరువు దించినట్టయింది. నిచ్చెన దిగి, దాన్ని భుజానేసుకుని, ఎవరికీ అడ్డం కాకుండా గోడవారగా బయటికొచ్చాడు.

తిండి తిన్నాక ఆట గోతి దగ్గరికి వెళ్ళాడు. చుట్టూ కలుపు పెరిగింది. కొడవలితో కోసుకుంటూ ఒక చుట్టు తిరిగాడు. చెమటకు బూడిద అంటుకుని ముఖమంతా చారలు తేలింది. ఇక్కడ కలుపు కోయడం ముప్పై ఏళ్ళుగా అతడి పనే. కూర్చునే చోటు వెతుక్కోవడం మాత్రం ఇవాళే. గోతి అంచున పరిచిన చెక్కల మీద ఒకచోట కూర్చుని చూశాడు. స్తంభం అడ్డొచ్చింది. జరిగాడు. ఇంకో చోట నిప్పుకు మరీ ఎదురు, కళ్ళు మండుతాయి. మూడో చోట కుదిరింది. ఆడపిల్లలు వరసలో తిరిగి వచ్చినప్పుడు ముఖాలు నేరుగా ఇటే ఉంటాయి. చుట్టుపక్కల ఎవరూ లేరు కదా అని కాసేపు అక్కడే, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలా కూర్చున్నాడు.

బండిలో రేడియో గరగరమంది. డానా గొంతు.

"డెల్బర్ట్, నీ పార బండిలోనే ఉందా?"

అతడు లేచి వెళ్ళి మైకు అందుకున్నాడు.

"ఎప్పుడు?" అన్నాడు.

"తిండి వేళప్పుడు. కుర్చీలోనే. నిద్రలోనే అనుకుంటా."

డానా పేరు చెప్పలేదు. పోయినవాళ్ళ పేరు ఇక్కడ ఎవరూ ఎత్తరు. ఇక మనమూ ఎత్తవద్దు.

డానా మెల్లమెల్లగా మిగతాది చెప్పింది. కాలిన కొండ మీంచి బండలు దొర్లిపడి పట్నం దారి మూసుకుపోయింది. సోమవారం దాకా తెరవరు. యంత్రం రాదు. తానే తవ్వుతానని ట్రాయ్ లేచాడు, డానాయే వద్దంది. బిడ్డను ఎత్తుకోవలసిన చేతులు కదా.

"నేను నిన్ను అడగట్లేదు, డెల్బర్ట్. అడగకూడదని తీర్మానం చేశాం. జరిగింది చెబుతున్నానంతే."

అతడికి కోపం వచ్చింది. ఆదివారమని మాటిచ్చి మంగళవారమే పోయిన మనిషి మీద వచ్చింది. అడగకుండానే అడిగిన డానా మీద వచ్చింది. పాటగాడి మీద, చేపలవాడి మీద, బండల మీద, కొండ మీద వచ్చింది. కాదంటే ఏమవుతుందో అతడికి తెలుసు. ఆమె మట్టికి చేరదు. ఆట మొదలవదు. పసివాడు దగ్గుతూనే ఉంటాడు. రేలిన్ దుస్తులు మళ్ళీ పెట్టెలోకి పోతాయి. తవ్వితే ఆట జరుగుతుంది, తాను చూడడు. తవ్వకపోతే చూడడానికి ఆటే ఉండదు. ఎటు తిప్పినా అతడి వాటాకు వచ్చేది ఒకటే. అది అర్థమయ్యాక కోపం కూడా అలిసిపోయింది.

"ఉంది," అన్నాడు. "ముందు లొరెట్టా ఇంటికి వెళ్ళొస్తాను. ఇంకా సమాధి మట్టి ముట్టుకోలేదు కాబట్టి."

లొరెట్టా ఇంటి మెట్ల దగ్గర బండి ఆపాడు. ఆమె అరుగు మీదికి వచ్చి, బండి వెనక అప్పటికే గుడ్డ విప్పి పైకి పెట్టిన పారను చూసింది.

"మళ్ళీనా?"

"మళ్ళీనే."

"యంత్రం తెప్పిస్తామన్నారుగా."

"దారి మూసుకుపోయింది."

అతడు అలవాటు కొద్దీ సొట్టలు పడిన తన రేకు గ్లాసు బండిలోంచి తెచ్చుకుని మెట్టు మీద కూర్చున్నాడు. ఆ ఐదు రోజులు తాగే గ్లాసు అది. ఏళ్ళు గడిచేకొద్దీ మామూలు రోజుల్లో కూడా దాంట్లోనే తాగడం మొదలుపెట్టాడు. ఆమె లోపలికెళ్ళి, కాఫీ కెటిల్ తెచ్చి, తగలకుండా ఎత్తి పోసింది. రేలిన్ తలుపు దగ్గర నిలబడి వింటోంది. అర్థమైపోయినట్టుంది, అరుగు మీదికి వచ్చేసింది.

"తాతా, ఇప్పుడే వేసుకుని ఒక్కసారి ఆడి చూపిస్తాను. ఎవరికీ చెప్పొద్దు."

"అది ఊరికే వేసుకునేది కాదు," అంది లొరెట్టా.

"మీ అమ్మ చెప్పింది నిజమేనమ్మా," అన్నాడు డెల్బర్ట్. "ఆ దుస్తులకూ ప్రాణముంటుంది, ఆటంటే ఆకలి ఎక్కువ. ఆట ఉన్న రోజే లేపాలి."

పిల్ల కళ్ళు తుడుచుకుంటూ లోపలికి పోయింది. లొరెట్టా కూడా వెళ్ళింది. డెల్బర్ట్ కాఫీ సగం తాగాడు. వెలుగు ఉండగానే మట్టి గట్టిదనం చూసుకోవాలి, లేవాలి అనుకుంటూనే మరో గుక్క తాగాడు.

అప్పుడు లొరెట్టా ఆ దుస్తులు రెండు చేతుల మీద వేసుకుని, నిద్రపోతున్న బిడ్డను తెచ్చినట్టు తెచ్చింది. జింకతోలు, పైన్ గింజల పేటలు, అంచున వరసలు వరసలుగా నత్తగుల్లలు. లొరెట్టా వాళ్ళమ్మ కుట్టినవి.

"పెట్టెలో ముక్కిపోయిన వాసనేస్తోంది," అంది ఎటో చూస్తూ. "కాస్త గాలి తగలాలి."

బయట పీల్చడానికి పొగ తప్ప గాలి ఎక్కడుంది? అయినా ఆమె అరుగు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది. గుల్లలు ఒకదానికొకటి తగిలి, సన్నటి వాన రేకు మీద పడ్డట్టు మోగాయి. చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. ఈసారి ఇంకా నెమ్మదిగా, అడుగు అడుగుకీ కాస్త బరువు వేస్తూ నడిచింది, ఆటలో వేసినట్టే. డెల్బర్ట్ కళ్ళు మూసుకున్నాడు. ఆమె మూడోసారి కూడా నడిచింది. ఏడవడానికి సిగ్గుపడలేదు, ఏడ్చే ఓపికే లేకపోయింది.

దుస్తులు లోపల పెట్టి వచ్చి లొరెట్టా పై మెట్టు మీద కూర్చుంది.

"నేను మొదటిసారి ఆడినప్పుడు తెల్లారే దాకా జనంలో నీకోసం వెతికాను, నాన్నా. ఎవరూ చెప్పలేదు నాకు. వస్తావనే అనుకున్నాను."

"తెలుసమ్మా."

"రేలిన్‌కు నేను ముందే చెబుతాను. అది వెతక్కూడదు."

అతడు తల ఊపాడు. లేచి నిలబడ్డాడు. ఆమె అతడిని ఆగమని, వంటింట్లోంచి నీలిరంగు కప్పు ఒకటి తెచ్చింది. తాను రోజూ తాగేదే.

"ఈ ఐదు రోజులూ దీంట్లో తాగు."

"నేను తాగితే ఇది మళ్ళీ ఇంట్లోకి రాదు. తెలుసుగా?"

"తెలుసు నాన్నా. తీసుకెళ్ళు."

అతడు కప్పును చొక్కా లోపల పెట్టుకున్నాడు, గతుకుల్లో పగలకుండా. బండి మలుపు తిరిగి సమాధుల వైపు పోయింది. మెట్టు మీద అతడి రేకు గ్లాసు మిగిలిపోయింది. లొరెట్టా దాన్ని లోపలికి తేలేదు, పారేయనూ లేదు. అడుగున మిగిలిన గుక్కెడు కాఫీ మీద కొండ బూడిద మెల్లగా వాలుతోంది.