నాలుగో మూల పసుపు

కౌంటరు మీద పెన్నుకి కట్టిన దారం పొట్టిదైపోతోంది. హైమావతి ఎంత లాగినా పెన్ను డిపాజిట్ స్లిప్పు దాకా రావడం లేదు, స్లిప్పునే పెన్ను దగ్గరికి జరుపుదామంటే కౌంటరు వెనక్కి వెనక్కి పోతోంది, చూడబోతే పాలకొల్లు బజారులో ఆమె రోజూ చూసే బ్యాంకే, కాళ్ల కింద మాత్రం గచ్చు బదులు కాలువ నీళ్లు పాదాలు మునిగేలా పారుతున్నాయి, వరసలో నిలబడ్డవాళ్లెవరికీ అదొక వింతగా కూడా లేదు. స్లిప్పు మీద రాయాల్సింది ఆమె సొంత ఖాతా నంబరు కాదు, ఆచంటలో ఉండే చిన్నత్తగారు మాణిక్యం ఖాతా నంబరు. అది సగం దాకా గుర్తొస్తుంది, ఆ తర్వాత మాయమైపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది.

"తప్పుకో, నేను రాస్తాను" అంటూ బల్ల మీంచి లేస్తుంది అత్తగారు అచ్చియ్యమ్మ.

ఆవిడ పోయి ఏడు నెలలైంది. ఆ సంగతి హైమావతికి తెలుసు. తెలిసి కూడా, అత్తయ్యగారి మోకాళ్లు ఇప్పుడు చక్కగా వంగుతున్నాయే అని సంతోషపడుతుంది, అంతలోనే ఈవిడిప్పుడు అది అడుగుతుంది కాబోలని ఒక అడుగు వెనక్కి వేస్తుంది.

అది ఏమిటో చెప్పాలంటే పదకొండేళ్లు వెనక్కి వెళ్లాలి. హైమావతి మొగుడు కొట్టు పెట్టుకోవడానికని అచ్చియ్యమ్మ తన చెల్లెలు మాణిక్యం బంగారు గాజులు అడిగి తెచ్చి తాకట్టు పెట్టింది. విడిపించలేకపోయింది, అవి వేలంలో పోయాయి. అప్పట్నుంచి అక్కచెల్లెళ్లకి మాటల్లేవు. ఆ కొట్టు మీద ఇన్నేళ్లూ అన్నం తిన్నది ఎవరంటే, ఇదిగో ఈ హైమావతే. ముసలావిడ పింఛను డబ్బులు కూడబెట్టి కూడబెట్టి, చివరికొక రోజున చెల్లెలి పేర చెక్కు రాసింది. శుభమైన కాగితం కదా అని దాని మూలలకి పసుపు పెడుతూ, నా కాళ్లు రావు, నువ్వెళ్లి దాని ఖాతాలో వేసి రావే అని కోడల్ని అడిగింది. కోడలేమంది? ఇవాళ శుక్రవారం అత్తయ్యగారూ, లక్ష్మీదేవిని ఇంట్లోంచి బయటికి పంపకూడదు, రేపు వేస్తాను అంది. మర్నాడు రెండో శనివారం, బ్యాంకు లేదు. ఆదివారం తెల్లవారేసరికి అచ్చియ్యమ్మే లేదు. చనిపోయిన మనిషి చెక్కు చెల్లదమ్మా అని బ్యాంకులో చెప్పేశారు. ఆవిడ ఖాతాలోని డబ్బు నామినీగా కొడుక్కి వచ్చింది, కొడుకు దాన్ని తెచ్చి పెళ్లాం ఖాతాలో వేశాడు.

అచ్చియ్యమ్మ పెన్ను పట్టుకుంటే దారం దానంతటదే పొడుగవుతుంది. రాస్తూ రాస్తూ తల ఎత్తకుండానే అడుగుతుంది.

"ఆ శుక్రవారం సాయంత్రం కుక్కరు ఎక్కడ కొన్నావే?"

చూసుకుంటే హైమావతి చంకలో కుక్కరుంది, దాని మూత కింద నుంచి ఆవిరి పోతోంది, అందరూ అటే చూస్తున్నారు. "బజారులోనండి" అంటుంది.

"డబ్బిచ్చే కొన్నావా?"

"ఇచ్చేనండి."

"మరి అప్పుడు లక్ష్మీదేవి వెళ్లిపోలేదా?"

ఆవిడ గొంతులో కోపం లేదు, కూరలో ఉప్పు చాలిందా అని అడిగినట్టే అడిగింది. కోప్పడితే బాగుండును, కాళ్లు పట్టుకుని ఏడ్చేది. ఇప్పుడు ఏడవడానికి కూడా ముఖం చెల్లక హైమావతి నీళ్లలోకి చూస్తూ నిలబడుతుంది. ఏడు నెలలుగా మొగుడితో కూడా అనని మాట, ఇక్కడ ఇంతమంది ముందు, దానంతటదే నోట్లోంచి వచ్చేస్తుంది.

"శుక్రవారం వంకేనండి. అంత డబ్బు ఇంట్లోంచి పోతుందంటే నా ప్రాణం ఒప్పలేదు."

"నాకు తెలుసులే" అంటుంది అచ్చియ్యమ్మ.

ఈలోగా బ్యాంకు వరస కాస్తా అచ్చియ్యమ్మ పెద్ద దినం భోజనాల బంతి అయిపోతుంది, నీళ్ల మీదే విస్తళ్లు పరిచారు, అవి కొట్టుకుపోకుండా నిలకడగానే ఉన్నాయి, బంతి చివర విస్తరి ముందు మాణిక్యం కూర్చుని ఉంది. ఆవేళ నిజంగానే అలా కూర్చుంది. వడ్డించడానికి వెళ్లిన హైమావతిని కొంగు పట్టుకుని ఆపి, పోయేముందు అక్క నన్ను తలుచుకుందా అని అడిగింది. తలుచుకుందంటే చెక్కు సంగతి చెప్పాలి. చెక్కు సంగతి చెబితే శుక్రవారం సంగతి చెప్పాలి. అందుకని హైమావతి, లేదండి అంది. మాణిక్యం అన్నం కలిపి కలిపి అలాగే వదిలేసి బస్సెక్కింది.

"డబ్బు దాని ఖాతాలో పడకపోతే పోయిందే" అంటుంది అచ్చియ్యమ్మ. "నేను తలుచుకున్నానని దానికి తెలియకుండా చేశావు చూడు, అదీ నా బాధ."

అచ్చియ్యమ్మ బొటనవేలికి పసుపు ఉంది. ఆ వేలు చూపిస్తూ, "మూడు మూలలకే పెట్టాను. నువ్వు శుక్రవారం అనేసరికి నా చెయ్యి ఆగిపోయింది. కావాలంటే చూసుకో" అంటుంది. కౌంటరు షట్టరు దిగుతోంది, నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి, అత్తయ్యగారూ నంబరు చెప్పండి, నంబరు చెప్పి వెళ్లండి అని హైమావతి అరుస్తూనే ఉంది.

మెలకువ వచ్చేసరికి తెల్లవారింది, పాలవాడి సైకిలు గంట వినిపిస్తోంది. హైమావతి లేచి తిన్నగా బీరువా దగ్గరికి వెళ్లింది. చీరల అడుగున ఏడు నెలలుగా మడత విప్పని చెక్కు తీసి చూసింది. మూడు మూలలకి పసుపు ఉంది. నాలుగో మూల తెల్లగా ఉంది.

తన చెక్కుబుక్కు తీసి, అదే మొత్తానికి మాణిక్యం పేర కొత్త చెక్కు రాసింది. "శుక్రవారం పూట చెక్కుబుక్కు తీశావేంటే" అన్నాడు మొగుడు, పళ్లు తోముకుంటూ. ఆమె పసుపు భరిణె తెచ్చి కొత్త చెక్కుకి నాలుగు మూలలా పెట్టింది. అదే వేలితో పాతదాని నాలుగో మూలకి కూడా పెట్టబోయి, ఆగిపోయింది. అది ఎందుకు ఖాళీగా ఉందో చిన్నత్తగారికి తన నోటితోనే చెప్పాలి. వేలు కొంగుకి తుడుచుకుని, రెండు చెక్కులూ సంచిలో పెట్టుకుని, ఆచంట బస్సు ఎన్నింటికని మొగుణ్ణి అడిగింది.