ఇంటికొచ్చే నర్సు

పొద్దుటినుంచి నాలుగోసారి టీ వడగడుతోంది ఆమె. ముందుగదిలో భర్తతో కలిపి ఏడుగురు. ఆయన శాసనసభ్యుడు, ఆరోగ్య బిల్లు కమిటీలో మనిషి. రేపే ఓటింగు. ఇటువాళ్ళూ అటువాళ్ళూ ఆమె ఇంట్లోనే కూర్చుని బేరాలాడుకుంటున్నారు.

ఆ బిల్లులో ఒక సెక్షను ఆమెది. మంచంపట్టినవాళ్ళ ఇంటికి ప్రభుత్వమే నర్సుని పంపాలని. రోగిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే ఏమవుతుందో, ఒక్క మనిషి ఎన్నేళ్ళు అలా తిప్పగలదో, తొమ్మిదేళ్ళు ఆసుపత్రి వార్డులో పనిచేసిన ఆమే రాసిచ్చింది. సభలో ఆయన చదివితే బల్లలు చరిచారు. ఎవరు రాశారని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఆమె ట్రే పట్టుకెళ్ళేసరికి అవతలి పక్షం పెద్దాయన ఆ సెక్షను మీద అడ్డంగా గీత గీస్తున్నాడు.

"ఆపరేషన్లు ఉంచుదాం, మందులు ఉంచుదాం. ఈ ఇంటి నర్సు గొడవ మాత్రం వదిలెయ్యండి. మావాళ్ళందరి చేతా ఓటేయిస్తా."

"సరే, వచ్చే సమావేశాల్లో చూద్దాంలెండి," అన్నాడు భర్త.

ఆమె ఒక్కొక్కరికీ గ్లాసు అందించసాగింది. ఆరేళ్ళ క్రితం అత్తగారికి పక్షవాతం వచ్చినప్పుడూ ఇదే బిల్లు, ఆయన నోట ఇదే మాట. 'వచ్చే సమావేశాల్లో అయిపోతుంది. అంతదాకా సెలవు పెట్టు. నీకంటే బాగా ఎవరు చూస్తారు?' ఆ సెలవు కాస్తా రాజీనామా అయింది. అత్తగారిని ఎత్తీ తిప్పీ ఆమె కుడిచేతిలో రెండు వేళ్ళు మొద్దుబారాయి. ఎవరికీ చెప్పలేదు, అడిగితే కదా.

"మా ఆవిడా ఒకప్పుడు నర్సేనండీ," అన్నాడు భర్త, గ్లాసు అందుకుంటూ.

"అయితే మీ ఇంట్లో ఈ సెక్షను ఎప్పుడో అమల్లోకొచ్చేసిందన్నమాట!" అన్నాడు పెద్దాయన.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆమె భర్తే.

ఆమె అత్తగారి గదిలోకెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, పాత హెడ్ నర్సుకి ఫోన్ చేసింది.

"అక్కా, వార్డులో ఖాళీ ఉందా?"

"మనుషుల్లేక చస్తున్నాం. ఎప్పుడొస్తావ్?"

"సోమవారం."

అత్తగారికి మాట పడిపోయింది కానీ చెవులు బాగానే ఉన్నాయి. రెప్ప వేయకుండా కోడలినే చూసింది. ఆ చూపులో కోపం లేదు. భయం ఉంది.

అందరూ వెళ్ళాక భర్త హుషారుగా లోపలికొచ్చాడు. "బిల్లు గట్టెక్కినట్టేనోయ్!"

"సోమవారం నుంచి నేను డ్యూటీకి వెళ్తున్నానండీ."

"ఏం వేళాకోళం ఇది? అమ్మ ఏమైపోవాలి?"

"చేతులు కడుక్కుని రండి, చెప్తాను."

ఆయన వచ్చాక అత్తగారి మీది దుప్పటి తొలగించింది. నడుం కింద, ఎముక మీద, బొటనవేలి గోరంత ఎర్రటి మచ్చ. ఆయన మొహం తిప్పుకున్నాడు.

"ఇటు చూడండి. నిన్న లేదిది. ఇలా వదిలేస్తే వారంలో పుండవుతుంది. నెలకి ఎముక కనిపిస్తుంది."

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆమె వాటిని ముందుకి లాగి, ఒకటి ముసలామె భుజం మీద, ఒకటి తుంటి మీద పెట్టింది.

"తిప్పండి."

ఆయనకి చాతకాలేదు. అత్తగారు బాధగా మూలిగింది.

"మళ్ళీ," అంది ఆమె.