ఇసుక దులిపే చెయ్యి

మా సిరుమ్ కుస్తీలో ఓ పద్ధతి ఉంది. ఎదుటి మనిషిని ఇసుకలో పడేసినవాళ్ళే చెయ్యిచ్చి లేపాలి, వీపుకంటిన ఇసుక దులపాలి. బరిలో పెరిగినవాళ్ళకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

టీవీవాళ్ళు బరిలో పెరగలేదు కదా! ఏదో కార్యక్రమంలో నా మొహం కనిపించి ‘సిరుమ్ సుందరి’ అని పేరు పెట్టిన దగ్గర్నుంచి కెమెరా నన్ను వదలదు. నేను నీళ్ళు తాగినా చూపిస్తారు. నన్ను ఓడించిన మనిషిని మాత్రం చూపించరు. నాకు ఒళ్ళు మండిపోయేది.

అందరికంటే ఎక్కువ అన్యాయం జరిగింది నాకంటే ముందునుంచీ బరిలో ఉన్న హేసుక్ అక్కకి. వాండో దీవిలో మంచం పట్టిన వాళ్ళమ్మ ప్రతి పోటీ టీవీలో చూస్తుంది. అక్క నాతో తలపడ్డ ప్రతిసారీ తెరంతా నేనే. ఈ దానో పండగ కుస్తీపోటీల ఫైనల్ అక్కకి ఆఖరి పోటీ, ఎదురు మళ్ళీ నేనే.

పోటీకి ముందు గూ అనే టీవీ ప్రొడ్యూసర్ వచ్చాడు.

“యున్‌సుల్ గారూ, గెలిచినా ఓడినా ఈ కెమెరా వైపే చూడండి. ఓడితే రెండు కన్నీటి చుక్కలు రాలాయనుకోండి, అదిరిపోతుంది.”

“రాకపోతే ఉల్లిపాయలు తెప్పిస్తారా?”

అతను నవ్వేసి అక్క వైపు తిరిగాడు. “మీరు మాత్రం పోటీ అవగానే కాస్త పక్కకి తప్పుకోండమ్మా. ఆవిడకి అడ్డం రాకుండా.”

అక్క తలూపింది.

“తలూపుతావేంటక్కా? మీ అమ్మ చూడొద్దా?”

“పోనీలేవే. నా మీద జాలిపడి చచ్చు పట్టు పట్టావో, చంపేస్తా.”

నేను చచ్చు పట్టు పట్టలేదు. ఆమె నడుముకీ తొడకీ బిగించిన సత్‌బా గుడ్డ చేతికందగానే ఉన్న బలమంతా పెట్టి లాగాను. చెరో ఆట గెలిచాం. మూడో ఆటలో అక్క నన్ను పొట్ట మీదికెత్తి విసిరేసింది. వెల్లకిలా పడ్డాను.

కెమెరా పరుగున నా మీదికొచ్చింది. అక్క చెయ్యి చాపబోయి, గూ చేసిన సైగ చూసి పక్కకి తప్పుకుంది. గెలిచిన మనిషి, తప్పు చేసినదానిలా!

నేను లేవలేదు.

“దెబ్బ తగిలిందా?” రెఫరీ వంగాడు.

“లేదండీ.”

“మరి లేవమ్మా!”

“పడేసినావిడ లేపితే లేస్తా.”

“యున్‌సుల్ గారూ, లైవ్ పోతోంది!” గూ బరి అంచున నిలబడి మొత్తుకున్నాడు.

“పోనీండి. నేనేగా కావాలి మీకు? సాయంత్రం దాకా ఇక్కడే పడుకుంటా, తీసుకోండి!”

జనం గొల్లుమన్నారు. ఎవరో మొదలెట్టారు, హాలంతా అందుకుంది: “హేసుక్! హేసుక్!”

అక్క కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. “మొండిఘటం,” అని తిడుతూనే లేపి, నా వీపు దులిపింది. నేను గబుక్కున ఆమె వెనక్కి దూరి, భుజాలు పట్టుకుని కెమెరాకి ఎదురుగా నిలబెట్టాను. నా మొహం కావాలంటే ముందు ఆమె మొహం చూపించాల్సిందే.

బట్టలు మార్చుకునే గదిలో అక్క ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టింది.

“చూశానే తల్లీ, నిన్ను చూశాను!” అంది వాళ్ళమ్మ. “ఎప్పుడూ నీకు అడ్డం నిలబడే ఆ పిల్లేనా అది? భలే ఎత్తి కుదేశావే!”

అక్క నాలుక కరుచుకుంది. నేను ఫోన్ లాక్కున్నాను.

“నడుం విరగ్గొట్టిందమ్మా మీ కూతురు,” అన్నాను.