ఉమ్మడి చేలో హద్దురాయి

నేను ఒక హద్దురాయిని. రెండడుగుల నల్లరాయిని, నెత్తిన ఒక బీట. కొండను పగలగొట్టినవాడు నన్ను ఏ ఇంటి గోడలోనో పెడతాడనుకున్నాను. తెచ్చి ఉప్పలయ్య చెలక మూలన సగందాకా పాతేశారు. నాకు ఇవతలి నేల ఉప్పలయ్యది, అవతలిది వాళ్ల అన్నది. ఒక ఏడు వాన కోతకు నేను జానెడు ఒరిగితే అన్నదమ్ములిద్దరూ కర్రలు పట్టుకొచ్చారు. ఆ జానెడులో నాలుగు జొన్న మొక్కలు కూడా లేవు. నేను బిత్తరపోయాను.

అలాంటి ఉప్పలయ్య ఒకరోజు గడ్డపారతో వచ్చి నన్ను తన చేత్తోనే పెకలించాడు. ఊళ్లో ఉమ్మడి సేద్యపు సంఘం పెట్టారట. ఇరవై ముగ్గురి చెలకలూ కలిపి ఒకటే చేను, ఒకటే దుక్కి. పండింది పనినిబట్టి పంచుకోవడం. అధ్యక్షుడు ఉప్పలయ్యే. గట్లన్నీ దున్నేసి, మా రాళ్లన్నింటినీ చేను నడుమ మంచె కింద కుప్ప పోశారు.

సంఘంలో ఇరవై నాలుగో మనిషి ముత్తమ్మ. ఆమెకు గుంటెడు నేల లేదు. ఉన్నవి రెండు మేకలూ, రెండు చేతులూ. అయినా సంఘం ఆమెనూ అందరితో సమానంగా చేర్చుకుంది. ఆ రోజు ఆమె చేను చుట్టూ ఒకసారి నడిచింది. ఇంత నేలలో తనదీ ఉందంటే నమ్మకం కుదరలేదేమో, మళ్లీ నడిచింది.

వేసవిలో ఎవరి పెంటకుప్ప ఎరువు వాళ్లు బండ్ల మీద చేనుకు తోలారు. పక్కనే పడి ఉన్నా నేను ఏమీ పసిగట్టలేదు.

జొన్న కంకి వేసింది. పిట్టలను తోలడానికి మంచె ఎక్కిన ముత్తమ్మ కింద పోతున్న ఉప్పలయ్యను పిలిచింది.

"ఉప్పలన్నా, జర పైకెక్కి రా."

"ఏమైంది చెల్లె, పందులు వడ్డయా?"

"పందులు గాదు. నువ్వే జూడు."

ఎక్కాడు. తర్వాత వాళ్ల మాటల్లో నాకు తెలిసింది. చేనంతా పట్టెలు పట్టెలుగా ఉంది. ఒకటి ముదురు పచ్చ, ఒకటి లేత, ఒకటి పసుపు. దున్నేసిన గట్లన్నీ ఎక్కడివక్కడే కనబడుతున్నాయి. ఎవరి ఎరువు వాళ్లు తమ పాత చెలకలోనే పోసుకున్నారు.

"ఎవడెవడు వోసిండో ఇయ్యాల్నే పంచాయితీ వెడ్త" అన్నాడు ఉప్పలయ్య.

"పెట్టు. గని ఆ బాయికాడి పట్టె జూసినవా? అన్నిట్ల అదే నల్లగున్నది."

అది ఉప్పలయ్య పాత చెలక.

"నేను గావాలని పొయ్యలే చెల్లె. ఎడ్లు అటే వోయినయి."

"బండి మీద నువ్వే ఉంటివి గదనే."

పంచాయితీ జరిగింది. ఎవరి పట్టె వాళ్లే కోసుకుంటామన్నారు. పసుపు పట్టెలవాళ్లు కూడా అదే మాట అన్నారు. నేను తెల్లబోయాను. మర్నాడు పొద్దున్నే అందరూ మంచె కిందికి వచ్చారు. మా మీద పేర్లు లేవు, గుర్తులు లేవు. అయినా ఒక్కరూ తడబడలేదు. ఎవరి రాయిని వాళ్లు పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు. ఉప్పలయ్య నా బీటను తడిమి చూసి నన్ను భుజానికెత్తుకున్నాడు.

ముత్తమ్మ మంచె దిగింది. ఖాళీ అయిన చోటు చూసింది.

"అన్నా, మరి నా రాయేది?"

ఒక్కొక్కరే రాళ్లతో కదిలారు. వేసవంతా ఆమె మేకల ఎరువును గంపలో తెచ్చి చేనంతా చల్లింది. ఆమెకు వేరే పాత చెలకేదీ లేదు కదా. ఇరవై మూడు పట్టెల్లోనూ ఆ ఎరువు ఉంది. ఏ పట్టెలో ఎంత ఉందో చూపించమంటే ఆమె వల్ల కాదు.

ఉప్పలయ్య నన్ను మోస్తూనే కాసేపు నిలబడ్డాడు. దింపుతాడనే అనుకున్నాను. దింపలేదు. పాత గుంత వైపు నడిచాడు.

ఇప్పుడు నేను మళ్లీ అదే మూలన ఉన్నాను. ముత్తమ్మ ఈ చెలకలోనే కూలికి వస్తుంది. సద్దిమూట నా నెత్తిన పెట్టి పనిలోకి దిగుతుంది. ఆమె ఎదురుపడితే ఉప్పలయ్య తల తిప్పుకుని పోతాడు. నేను రాయిని, నాకు తల తిప్పుకోవడం రాదు.