ముగ్గు వదిలిన దారి

తిరువూరులో ఆ వీధివాళ్ళకి తెల్లారగానే రెండు పనులు: పాలు పోయించుకోవడం, ఇందిరాదేవి ముగ్గు ఎవరి గుమ్మం ముందుందో చూసుకోవడం. ఆవిడ వేసిన ముగ్గు ఒకచోట కుదురుగా ఉండదు. ఎండెక్కితే నీడకి జరుగుతుంది, ఒక్కోసారి ఎదురింటికి పోతుంది. "ఆంటీ, మీ ముగ్గు మా ఇంటికొచ్చింది" అని ఎదురింటి జాస్మిన్ కేకేస్తే, "ఉండనీవే, అదే వస్తుంది" అనేది ఆవిడ.

అలాంటి ముగ్గు మీద పెంపుడుకుక్క బంగారి ఉచ్చ పోసింది. ఒకసారైతే సరే! కాసేపటికే మళ్ళీ వంగి కూర్చునేది. ఇన్నేళ్ళూ బయటికే వెళ్ళిన కుక్కకి ఇప్పుడీ బరితెగింపు ఏంటని ఇందిరాదేవికి ఒళ్ళు మండింది. చీపురు తిరగేసి కొట్టింది. తాగితేనేగా పోసేదని నీళ్ళ గిన్నె కూడా తీసేసింది.

అయినా ఆగలేదు. "రెడ్డిగూడెం మామిడితోటల్లో వదిలేయించండి, ఎవరో ఒకరు ఇంత అన్నం పెడతారు" అంది భర్తతో. దశరథరామయ్య శౌరయ్య ఆటో పిలిచాడు.

బంగారిని ఎక్కించేలోపే ముగ్గు వాకిట్లోంచి జరిగొచ్చి ఆటో ముందు పరుచుకుంది.

"ముగ్గు మీదుగా బండి పోనివ్వలేనమ్మా" అన్నాడు శౌరయ్య.

ఇంతలో బంగారి కిందికి దూకి ఆ ముగ్గు మీదే వంగింది. మూలిగింది. నాలుగు చుక్కలు పడ్డాయి. తెల్లటి పిండి ఎర్రబడింది.

"అయ్యో, నెత్తురే!" అంది ఇందిరాదేవి.

ముగ్గు పక్కకి తప్పుకుంది. ఆటో పశువుల ఆసుపత్రికి తిరిగింది.

డాక్టరు కరుణశ్రీ బంగారి పొట్ట నొక్కి చూసింది. సూదితో మూత్రం తీసి పరీక్ష చేసింది.

"బాక్టీరియా చేరిందండి. ఏ మందుకి లొంగుతుందో ల్యాబ్‌కి పంపి చూద్దాం. బాగుందనిపించినా మాత్రలు మధ్యలో ఆపొద్దు. నీళ్ళు బాగా తాగాలి. మంటకి ఆపుకోలేకపోయింది, పాపం."

"నీళ్ళ గిన్నె నేనే తీసేశానమ్మా. కొట్టాను కూడా" అంది ఇందిరాదేవి.

డాక్టరు మందుల చీటీ రాసిచ్చింది. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది ఆవిడకి.

మందులు పూర్తయ్యాయి. మళ్ళీ చేసిన పరీక్షలో ఏమీ లేదు. బంగారి ఎప్పట్లా గేటు బయటికే వెళ్ళొస్తోంది. కానీ ఆవిడ చీపురు తీస్తే చాలు, మంచం కిందికి దూరుతుంది.

ఒకరోజు పొద్దున ముగ్గు రెండుగా విడిపోయి మధ్యలో దారి వదిలింది. ఇందిరాదేవి చీపురు అవతల పారేసి, నిండు గిన్నె ఆ దారిలో పెట్టి కింద కూర్చుంది.

"రావే తల్లీ, ఇంకెప్పుడూ కొట్టను."

బంగారి వచ్చింది. గిన్నెడు నీళ్ళూ తాగింది. నిమురుదామని ఆవిడ చెయ్యి చాచగానే, తల ముడుచుకుని కళ్ళు మూసుకుంది.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.