గాజులు తొడిగే సువర్ణ

"చెయ్యి వదిలెయ్యి పిల్లా, అది నీది కాదనుకో," అంటూ సువర్ణ ఆ కాలేజీ అమ్మాయి బొటనవేలిని అరచేతిలోకి మడిచి, కణుపుల దగ్గర మెత్తగా నొక్కి, నాలుగు మట్టిగాజులను ఒక్క ఊపున మణికట్టు దాటించింది. భయంతో కళ్లు మూసుకున్న పిల్ల తెరిచేసరికి పని అయిపోయింది. సూర్యాపేట కొత్త బస్టాండు దగ్గరి ఆ గాజుల కొట్టులో సువర్ణ చేతికి పేరుంది. ఎంత మొండి చెయ్యి అయినా ఆమె పట్టుకుంటే మెత్తబడాల్సిందే.

ఆమె ఒళ్లు మాత్రం ఆమె మాట వినలేదు. పెద్దమనిషి అయిన నాటి నుంచీ నెలనెలా పొత్తికడుపును మెలిపెట్టే నొప్పి. "పెండ్లయితే పోతది" అన్నారు. పెళ్లయింది, నొప్పి పోలేదు. "పిల్లలైతే పోతది" అన్నారు. పిల్లలే కాలేదు. చివరికి హైదరాబాదులో ఒక డాక్టరమ్మ దాని పేరు ఎండోమెట్రియోసిస్ అని, గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట పెరుగుతోందని చెప్పింది. ఆ పేరు విన్న రోజు సువర్ణ ఏడవలేదు. ఇన్నేళ్లూ తాను నటించడం లేదని ఒకరు ఒప్పుకున్నందుకు సంతోషించింది.

చలికాలంలో ఆపరేషన్ అయింది. కడుపు పండడానికి తర్వాతి కొద్ది నెలలే అదను అన్నారు. ఆ నెలలు ఒక్కొక్కటే చేజారిపోయాయి. ఈసారి మాత్రం నెలసరి తేదీ దాటి వారమైంది. ఆ సంగతి భర్త వెంకట్‌కు తప్ప ఎవరికీ తెలియదు. మిర్యాలగూడ రోడ్డులోని రైసు మిల్లులో పనిచేసే ఆ మనిషి అప్పటి నుంచి ఆమెను బిందె కూడా ఎత్తనివ్వడం లేదు.

"సువర్ణా, కోదాడల శ్రీమంతం ఉన్నది, నువ్వే రావాల్నంట," అన్నాడు కొట్టు యజమాని జగదీశ్.

బస్సులో అదృష్టం కొద్దీ సీటు దొరికింది. మునగాల దాటేదాకా ఆమె గాజుల పెట్టెను ఒళ్లో పెట్టుకుని, అది పొట్టకు తగలకుండా మధ్యలో చెయ్యి అడ్డం పెట్టుకుంది. అలా పెట్టుకున్నట్టు ఆమెకే తెలియదు.

కోదాడలో ఆ శ్రీమంతం ఇంట పెత్తనమంతా మంగమ్మది. కడుపుతో ఉన్న నవ్యకు నాయనమ్మ. మనిషి నిటారు, మాట కరుకు.

"నీకు పిల్లలెంతమందమ్మా?"

"లేరమ్మా."

వెనకాల ఎవరో గొణిగారు. సువర్ణకు ఇది కొత్త కాదు. "తొడగమంటే తొడుగుత, పొమ్మంటే పోత. గాజులైతే ఇచ్చే పోత," అని నవ్వింది. నవ్య అప్పటికే ఎడమ చెయ్యి చాపింది. మంగమ్మ పీట చూపించింది.

ఎడమ చెయ్యి నిండింది. కుడి చేతికి గాజులు తీస్తుండగా మొదలైంది. నడుములో ఒక పక్క పుట్టి తొడలోకి దిగే నొప్పి అది. ఆమెకు దాని అడుగుల చప్పుడు కూడా తెలుసు. ఆ వెనకే తడి. ఒక్క నిమిషం ఈ లోకం మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

ముట్టయిన మనిషి శ్రీమంతం గాజులు తాకకూడదంటారు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ పరాయి ఇంటి శుభకార్యంలో దొంగలా కూర్చోవడం సువర్ణకు చేతకాదు. మంగమ్మను పెరట్లోకి పిలిచింది.

"అమ్మా, నాకు ఇప్పుడే ముట్టయింది. కుడి చేతికి ఇంకెవర్నన్న పిలువుండ్రి."

మంగమ్మ మొహం మాడ్చుకుంది. "తేదీ చూసుకుని రావద్దా తల్లీ?"

"తేదీ దాటి వారమైంది అమ్మా. ఇగ రాదనుకున్న."

ముసలామె సువర్ణ ముఖంలోకి చూసింది. లోపలికి వెళ్లి ఉతికిన పాత చీర ముక్క, చెంబెడు వేడినీళ్లు తెచ్చింది.

"కడుక్కుని రా. కుడి చెయ్యి కూడా నువ్వే తొడగాలి."

"మంచిది కాదేమో అమ్మా..."

"ఈ ఇంట్లో ఏది మంచిదో నేను చెప్తాను."

సువర్ణ మళ్లీ కూర్చుంది. నుదుట చెమట ధారగా కారుతోంది. ఒక్కో గాజూ కణుపుల మీదుగా జారింది, ఒక్కటీ చిట్లలేదు. ఆమెకు అసూయ లేదంటే అబద్ధం. ఉంది. దాన్ని చేతుల దాకా రానివ్వలేదు, అంతే. అంత పని ఎందరికి సాధ్యం? ఆఖరి గాజు తొడిగి నవ్య గడ్డం పట్టుకుని, "సల్లగుండు బిడ్డా," అంది. ఆ మాట మనసులోంచే వచ్చింది.

పొద్దు వాలేసరికి ఇల్లు చేరింది. అప్పుడే మిల్లు నుంచి వచ్చిన వెంకట్ ఆమె ముఖం చూశాడు. సువర్ణ గోడ బీరువా తెరిచి వెతికింది.

"ప్యాడ్ల ప్యాకెట్ గీడనే ఉండె గద, ఏమైంది?"

వెంకట్ తల దించుకున్నాడు. "సజ్జ మీద పెట్టిన. కండ్లకు కనవడకుంటే రాదేమోనని..."

స్టూలు లాక్కుని ఎక్కి, సజ్జ లోపలి నుంచి ప్యాకెట్ తీశాడు. దుమ్ము దులుపుతూ దులుపుతూ ఏడ్చాడు. సువర్ణ అతని చేతిలోంచి దాన్ని తీసుకుంది.

"ఏడ్వకు. అచ్చే నెల మళ్ల సూద్దాం, నేనేం ఇడిసిపెడ్తలేను. గానీ ఇది మాత్రం దాచకు. నా చేతికి అందేటట్టు పెట్టు."

అతను తలూపి, వేడినీళ్లు పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాడు. ఆమె స్నానాల గది తలుపు వేసుకుంది. సజ్జ కింద ఎర్ర ప్లాస్టిక్ స్టూలు మిగిలింది, దాని మీద మిల్లు తవుడుతో పడిన రెండు పాదాల అచ్చులు.