కేజీ బాబు మెడలో చిలకలపూడి గొలుసు

నేను ఒక గొలుసును. బంగారు గొలుసునని చెప్పుకోవాలని నాకూ ఉంటుంది గాని, మీరు ఎలాగూ గోటితో గీకి చూస్తారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. లోపలంతా ఇత్తడి, పైన బంగారు పూత. ఆ పూత కూడా ఇప్పుడు అక్కడక్కడే మిగిలింది. మాది బందరు పక్కన చిలకలపూడి. ఈ సంగతి చెప్పుకోవడానికి మా ఊళ్ళో ఎవరూ సిగ్గుపడరు. దేశంలో సగం పెళ్ళిళ్ళు మా ఊరి నగలతోనే కళకళలాడతాయని మావాళ్ళ గట్టి నమ్మకం.

తీగ సాగదీశారు, చుట్టారు, కత్తిరించారు, రింగులో రింగు తగిలించి అతికారు. ఒకావిడ పక్కావిడకి టీవీ సీరియల్ కథ చెబుతూ నా కొక్కెం బిగించింది. కథలో అత్తగారు పాలల్లో విషం కలిపే చోట ఆవిడ చెయ్యి కాస్త గట్టిగా పడింది. ఆ అత్తగారి పుణ్యమా అని నా కొక్కెం ఇప్పటికీ ఊడిరాదు. చివరికి బంగారు నీళ్ళలో ముంచి తీశాక అద్దంలో చూసుకుంటే నన్ను నేనే గుర్తుపట్టలేదు. మామూలు ఆడపిల్లల మెడకు సరిపోయేదాన్ని కాదు నేను. సైకిల్ చైనంత లావు. నాటకాల్లో రాజుల కోసం ప్రత్యేకంగా చేయించిన సరుకును.

నన్ను చేయించుకున్న రాజుగారి పేరు దోనేపూడి వీరరాఘవులు. పగలు రేపల్లెలో బియ్యం మిల్లు గుమాస్తా. చుట్టుపక్కల ఊళ్ళలో పద్యనాటకం పెడితే మాత్రం రాజు. అట్ట కిరీటం, చెక్క గద, నేను. మా ముగ్గురిలో ఒక్కరం కూడా అసలు కాదు. అయినా ఎదురుగా కూర్చున్న జనంలో ఒక్కరైనా "ఆ గొలుసు నిజం బంగారమేనా?" అని అడిగిన పాపాన పోలేదు. రాగం ఎంతసేపు పట్టాడు, మాట విరవకుండా పద్యం చదివాడా లేదా, అదే వాళ్ళ పట్టింపు. రాజు దగ్గిన రోజున మాత్రం వీళ్ళే తెల్లారేదాకా తిట్టుకున్నారు.

కొన్నేళ్ళకు నాటకాలు తగ్గాయి. నేను గుడ్డసంచిలోకి చేరి నిద్రపోయాను. నన్ను లేపినవాడు ఆయన మనవడు భార్గవ్. హైదరాబాదులో మూసాపేటలో అమ్మానాన్నల కర్రీ పాయింటు, తనకి సెల్‌ఫోన్ల షాపులో ఉద్యోగం. ఒకసారి తాత దగ్గరికొచ్చి సంచీ విప్పి నన్ను చేతిలోకి తీసుకున్నాడు.

"తాతా, ఇది నాకు ఇస్తావా?"

"ఏం వేషం కడుతున్నావురా?" వీరరాఘవులు మొహం వెలిగిపోయింది.

"ర్యాప్ తాతా. పాటే, కాకపోతే మాట్లాడినట్టు ఉంటది. తాళం మీద గబగబా చెప్పుకుపోవాలి."

"అయితే పద్యానికి చుట్టమే. ఇంతకీ పాత్ర ఎవరిది?"

భార్గవ్ కాస్త ఆలోచించి, "నాదే తాతా. నా పాత్ర నేనే" అన్నాడు.

తాతకి ఆ జవాబు అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ కాలేదు. ఇన్నేళ్ళూ రాజు పాత్రను గుమాస్తా వెయ్యడం చూశాను గాని, తన పాత్ర తనే వేసుకునేవాడికి గొలుసు ఎందుకో బోధపడలేదు.

హైదరాబాదు వెళ్ళాక తెలిసింది. అక్కడ భార్గవ్ పేరు కేజీ బాబు. కేజీ అంటే కేజీ బంగారమట. ఆ కేజీ నేనేనట! వాడి పాట మీకూ వినిపించే ఉంటుంది, ఆ మధ్య ప్రతి షేర్ ఆటోలోనూ మోగింది.

"కేజీ కేజీ ఒంటి మీద కేజీ,
నన్ను చూస్తే నీకు రోడ్డంతా బిజీ!"

పొద్దున కర్రీ పాయింటులో ముద్దపప్పు కవర్లకు రబ్బరు బ్యాండ్లు వేసిన చేతులతోనే, సాయంత్రం అద్దె కారు బానెట్ మీద కూర్చుని నన్ను కెమెరాకు చూపించేవాడు. లక్షలమంది చూశారు. మూసాపేట కుర్రాళ్ళంతా వాడిలాగే జుట్టు కత్తిరించుకున్నారు. నేనైతే గాల్లో తేలిపోయాను. గుడ్డసంచిలోంచి బయటపడ్డదాన్ని, ఆ మాత్రం పొంగిపోనా?

పొంగనిది ఒక్క తేజోవతే. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల. ఇంటర్‌లో భార్గవ్‌తో ఒకే బెంచీ, ఒకే ఇయర్‌ఫోన్స్, చెరో చెవికి ఒకటి. ఇద్దరూ కలిసే ర్యాప్ మొదలుపెట్టారు. తర్వాత ఆవిడ దారి వేరైంది. తేజోవతి చేసేదాన్ని ప్రయోగం అంటారు. కుక్కర్ కూత, లిఫ్టు తలుపు చప్పుడు, రైలు పట్టాలు మారే మోత రికార్డు చేసి, వాటి మీద ఉన్నట్టుండి ఆగిపోయే మాటలు చెబుతుంది. ప్రాస కుదిరితే కొట్టేసి మళ్ళీ రాస్తుంది. ఒకసారి చేసింది రెండోసారి చెయ్యదు, అదొక నియమం. వినడానికి నలభైమంది వస్తారు. వాళ్ళు కళ్ళు మూసుకుని తలలాడిస్తారు గాని చప్పట్లు కొట్టరు.

"నీ పాటల నువ్వు యాడున్నవ్‌రా?" అని అడిగింది భార్గవ్‌ని ఒకరోజు. "కారు నీది గాదు, బంగారం బంగారం గాదు. పప్పు కవర్లు కట్టేటోని గురించి ఒక్క ముక్క లేదు."

"నీ పాటలో వినేవాళ్ళు ఎక్కడున్నారే?" అన్నాడు వీడు.

ఆ రోజు నుంచి మాటల్లేవు. నాకు బాధేసింది. ఎందుకంటే ఇద్దరూ నిజమే అన్నారు.

తేజోవతిని నేను మరీ వెనకేసుకు రావడం లేదు. ఆవిడ ఎప్పుడూ చిరుగుల చొక్కా వేసుకుంటుంది. వాడి వాడి చిరిగిందనుకునేరు! పెద్ద షోరూములో చిరుగులతో సహా అమ్మిన చొక్కా అది. ఫోటోకి చిరుగు కనపడేలా నిలబడ్డం కూడా ఆవిడకు వచ్చు. గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అన్నారా? ఒకరిది బంగారం వేషం, ఒకరిది బీద వేషం. ఫోన్లలో మాత్రం రెండు పక్షాలు ఏర్పడి జుట్లు పట్టుకున్నాయి. గొలుసూ కారూ లేని ర్యాప్ ఏం ర్యాపని ఒకరు, పదిమందికి అర్థమైతే అది కళెట్లా అవుతుందని ఒకరు. పాట గురించి మాట్లాడినవాళ్ళు తక్కువే.

ఇంతలో నా పరువు పోయింది. వీరరాఘవులు వేషం కట్టేముందు మెడనిండా దిట్టంగా రంగు పూసుకునేవాడు. దాంతో ఆయన చెమట నాకు తగిలేది కాదు. మనవడికి గొలుసు ఇచ్చాడు గాని ఆ కిటుకు చెప్పలేదు. ఆయన దృష్టిలో రంగు పూసుకోకుండా గొలుసేసుకునే నటుడు ఈ భూమ్మీద ఉండడు మరి! మే నెల ఎండలో ఒక కాలేజీ ఫెస్టులో కేజీ బాబు తెల్లచొక్కా వేసుకుని ఎగిరెగిరి పాడాడు. నేను చెమటలో నానాను. పాట అయ్యేసరికి వాడి మెడ చుట్టూ ఆకుపచ్చటి చిలుము, చొక్కా కాలరంతా అదే రంగు. ఎవరో దగ్గరగా వీడియో తీశారు. సాయంత్రానికి ఊరంతా నవ్వింది. పైన పటారం లోన లొటారం అన్నారు. "కేజీ పాలకూర" అని కొత్త పేరు కూడా పెట్టారు.

భార్గవ్ రెండు వారాలు గది దాటలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. సబ్బుతో కడిగి, తుడిచి, మేకుకు తగిలించి గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాడి షోలు కుదిర్చే మేనేజరు వచ్చి మార్గం చెప్పాడు. మాదాపూర్ దగ్గర గ్రౌండులో పెద్ద షో ఉంది. ర్యాపర్లందరూ, పేరున్నవాళ్ళూ ప్రయోగాలవాళ్ళూ, ఒకే వేదిక మీద. ఒక నగల దుకాణం వాళ్ళు నిజమైన కేజీ బంగారు గొలుసు ఒక్క సాయంత్రానికి అరువిస్తారట. నోళ్ళు మూయించాలంటే అదే మందట. భార్గవ్ ఒప్పుకున్నాడు.

సంగతి విని తాత బస్సెక్కి వచ్చేశాడు. "అరువు సొమ్ము బరువు చేటురా అబ్బాయ్" అన్నాడు మెల్లగా.

"ఇదొక్కటే దారి తాతా. ఈసారి కూడా నవ్వారంటే ఇంక మైకు పట్టను. షాపులో ఫోన్లకి స్క్రీన్లు వేసుకుంటూ బతికేస్తా."

ముసలాయన గోడ దగ్గరికి నడిచాడు. మేకు మీది నన్ను తీసి, మెడకు పౌడరు రాసుకుని, వేసుకుని, పైన కండువా కప్పుకున్నాడు. 

బంగారు గొలుసు ఒంటరిగా రాలేదు. దానికో కాపలా, పేరు యాదగిరి. నల్లగొండ మనిషి, మీసాలు ఒత్తుగా, డ్యూటీ అంటే ప్రాణం. గొలుసుకు మూరెడు దూరం దాటకూడదని దుకాణం వాళ్ళ ఆర్డరు. భార్గవ్ మంచినీళ్ళు తాగితే పక్కన నిలబడ్డాడు. బాత్రూముకు వెళ్తే తలుపు దగ్గర నిలబడి "తమ్మీ, ఉన్నదా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ బంగారం నా వంక ఓరగా చూసింది. చూడనీ, నాకు కాపలా అక్కర్లేదు, నన్ను నడిరోడ్డు మీద పడేసినా ఎవరూ ఎత్తుకుపోరు.

తేజోవతిది తర్వాతి పాట. చిరుగుల చొక్కాతో, చప్పుళ్ళ పెట్టెతో స్టేజీ పక్కన నిలబడి అంతా చూసింది. "గిప్పుడు బంగారమైతే అసలుదే. మరి నువ్వు?" అంది. భార్గవ్ స్టేజీ ఎక్కాడు.

పాట మొదలైంది. వెనక మూరెడు దూరంలో యాదగిరి. భార్గవ్ కుడికి వెళ్తే కుడికి, ఎడమకి వెళ్తే ఎడమకి. జనంలో కిసకిసలు. ఈ పాట ఆఖర్న కేజీ బాబు పరుగెత్తుకొచ్చి జనం చేతుల మీదకి దూకుతాడు, అది వాడి ఆనవాయితీ. అలవాటు కొద్దీ పరుగెత్తాడు, ఎగిరాడు. పాపం, యాదగిరికి ఈ ఆనవాయితీ ఎవరూ చెప్పలేదు. "ఓరి నాయనో, గొలుసు!" అని అరుస్తూ వెనక నుంచి నడుము వాటేసుకున్నాడు. ఇద్దరూ స్టేజీ మీద వెల్లకిలా పడ్డారు.

గ్రౌండు గ్రౌండంతా గొల్లున నవ్వింది. ట్రాకు ఆగిపోయింది. భార్గవ్ లేచి కూర్చున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. పక్కన యాదగిరి తన మోచేతి దెబ్బ చూసుకోకుండా గొలుసు రింగులు తడిమి చూస్తున్నాడు. భార్గవ్ అది చూశాడు. నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాడు. గొలుసు తీసి యాదగిరి చేతిలో పెట్టి, "తీస్కో అన్నా, ఇంక నీకు పరుగు తప్పింది" అన్నాడు. స్టేజీ అంచుకు వచ్చి ముందు వరసలో ఉన్న ముసలాయన వైపు చెయ్యి చాచాడు.

"తాతా, మనది ఇవ్వు."

ఆ 'మనది' విన్నాక నాకు ఒళ్ళు ఝల్లుమంది. కండువా కిందనుంచి బయటికి వచ్చి, పూతపోయిన మచ్చలతో సహా, అన్ని లైట్ల మధ్య వాడి మెడలో పడ్డాను. ట్రాకు లేదు. వాడు తాళం కోసం తొడమీద కొట్టుకుంటుంటే, పక్కనుంచి టక్ టక్‌మని పట్టాలు మారే చప్పుడు మొదలైంది. తేజోవతి పెట్టె తెరిచింది. వాడు ఎగురుతూ అప్పటికప్పుడు అందుకున్నాడు.

"తాత కిరీటం అట్ట రా, తాత గద చెక్క రా,
తాత పాడితే ఊరు ఊరంతా కూర్చున్నది పక్క రా!
నా గొలుసు ఇత్తడి రా, నా గది అద్దె రా,
మెడ పచ్చబడితే పడనీ రా, మాట పచ్చిగుంటే ముద్దే రా!"

తర్వాత పప్పు కవర్లు వచ్చాయి, రబ్బరు బ్యాండ్లు వచ్చాయి, అద్దె కారు డ్రైవరు బానెట్ మీద గీతపడిందని తిట్టిన తిట్లు వచ్చాయి. జనం నవ్వుతూనే ఉన్నారు గాని ఆ నవ్వు వేరు. ఆఖరి మాట అయ్యీ అవగానే ముందు వరసలో వీరరాఘవులు దిగ్గున లేచి నిలబడి, మైకు లేని రోజుల నాటి గొంతుతో అరిచాడు.

"వన్స్ మోర్!"

కుర్రకారు వెనక్కి తిరిగి చూశారు. వాళ్ళకేం తెలుసు? పద్యనాటకంలో జనం వన్స్ మోర్ కొడితే చచ్చిపడిన రాజైనా లేచి నిలబడి పద్యం మళ్ళీ ఎత్తుకోవాల్సిందే. ఆ కేక ఆయన జీవితమంతా విన్నాడు. తను వేరొకరికి కొట్టడం నేను చూడ్డం ఇదే మొదలు. కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ కొట్టాడు. వెనక ఎవరో అందుకున్నారు. ఆ వెనక ఇంకెవరో. చివరికి కళ్ళు మూసుకుని తలలాడించే నలభైమంది కూడా కళ్ళు తెరిచి కేకలేశారు.

భార్గవ్ తేజోవతి వైపు చూశాడు. ఒకసారి చేసింది రెండోసారి చెయ్యని పిల్ల. ఆవిడ పెట్టె అక్కడే వదిలి, మైకు పట్టుకుని వాడి దగ్గరికి వచ్చింది.

"ఒరేయ్, ఇప్పుడు తాత పాటకు నువ్వు ఎగురుతుంటే ఈ ఇత్తడి గొలుసు చప్పుడు మస్తుగుండె. నా చప్పుళ్ళల్ల అసొంటిది లేదు. దాన్ని ఆపకు" అంటూ మైకు తెచ్చి నా దగ్గర పెట్టింది.

ఇన్నేళ్ళలో నన్ను గీకి చూశారు, కొరికి చూశారు, వీడియో తీసి నవ్వారు. చెవి పెట్టి విన్నవాళ్ళు లేరు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. భార్గవ్ గట్టిగా ఊపిరి తీసుకుని ఎగిరాడు. నేను మోగాను. సిగ్గు లేకుండా, గ్రౌండు చివరిదాకా వినపడేలా, ఇత్తడి ఎలా మోగుతుందో అలాగే మోగాను.